మైల లేని మనిషి

చావింట్లో నాకు ఏసీ గది ఇచ్చారు.

ఇచ్చినవాళ్ళ తప్పేం లేదు. భీమవరం దగ్గర ఆ ఊళ్ళో ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు, తర్వాత కాఫీ, ఆ తర్వాత ఉన్నవాటిలో మంచి గది. వచ్చింది పెళ్ళికైనా చావుకైనా ఆ వరస మారదు. గోదారి జిల్లాలవాళ్ళు మర్యాదతోనే మనిషిని చంపేస్తారని బయటివాళ్ళు నవ్వులాటకు అంటారు. నేనూ ఈ జిల్లాదాన్నే, ఆ మాటకు నవ్వినదాన్నే. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

వీధిలో షామియానా కింద, అద్దాల పెట్టెలో తను ఉంది. ముందురోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ పడిపోయింది. బ్రెయిన్ స్ట్రోక్ అన్నారు. రాజమండ్రి హాస్పిటల్లో తెల్లవారకముందే, నా చెయ్యి పట్టుకునే పోయింది. తన తమ్ముడు వచ్చి పుట్టిన ఊరికి తీసుకెళ్ళాడు. అంబులెన్సులో తన పక్కన తమ్ముడు కూర్చున్నాడు. నన్ను వెనక కారులో ఎక్కించారు.

పెట్టె చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్నారు. నేనూ వెళ్ళి ఆ చాప అంచున కూర్చోబోతుంటే తన మరదలు, అంటే తమ్ముడి భార్య, వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"రాత్రంతా హాస్పిటల్లోనే ఉన్నారంట కదండీ టీచర్ గారూ. మీరసలే బీపీ మనిషి. కాసేపు లోపల పడుకోండి. కింద కూర్చోడం ఏంటండీ, మీరు!"

కొత్త సబ్బు, ఉతికిన తువ్వాలు పెట్టి తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఏసీ చప్పుడులో బయటి ఏడుపులు సరిగ్గా వినిపించలేదు. మంచం అంచున కూర్చుని, ఎదురుగోడకున్న రొయ్యల మేత కంపెనీ క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయాను. నాకు ఏడుపు రాలేదు. చుట్టాలింట్లో ముందుగదిలో కూర్చుని ఏడవడం ఎవరికైనా చేతకాదు.

తనూ నేనూ ధవళేశ్వరంలో ఒక మేడమీద వాటాలో ఇరవయ్యేళ్ళకు పైగా కాపురం చేశాం. కాపురం అనే మాట తెలిసే వాడుతున్నాను. తను ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసేది. నేను రాజమండ్రిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మొదట కలిసింది వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో, ఒకే గదిలో. ఫ్యాను ఎంత స్పీడులో తిరగాలన్న దాని మీద మా మొదటి పోట్లాట. తనకి గాలి ఎక్కువ కావాలి, నాకు తక్కువ కావాలి. ఏడాది తిరక్కుండానే విడిగా ఇల్లు తీసుకున్నాం. ఖర్చు కలిసొస్తుందని అందరితోనూ చెప్పాం, మాలో మేమూ చెప్పుకున్నాం. ఆ అబద్ధం మా ఇద్దరి మధ్య ఎక్కువ రోజులు నిలబడలేదు.

మాలాంటివాళ్ళు నేరస్థులు కారని కోర్టు తీర్పు చెప్పిన రోజు టీవీ ముందు కూర్చుని తను వంకాయలు తరుగుతోంది.

"ఇన్నాళ్ళూ మనం దొంగలమాటే!" అంది కత్తిపీట ఆపి. "లెక్కల పంతులమ్మవి, ఇన్ని పేపర్లు చదువుతావు, ఒక్కసారైనా చెప్పొద్దుటే నాకు?"

నవ్వింది. నవ్వి నవ్వి చివరికి కొంగుతో కళ్ళు తుడుచుకుని వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసింది. ఆ తీర్పు గురించి అంతకు మించి మాట్లాడుకోలేదు. లెస్బియన్ అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. ఆ మాట మీద నాకు కోపమేం లేదు. నేను అదేనని నాకు తెలుసు. మా కూరలకీ కరెంటు బిల్లుకీ పోట్లాటలకీ దానితో పని పడలేదు, అంతే.

ఊళ్ళో ఎవరూ ఏమీ అడగలేదు. 'మేడమీద మేడంగార్లు' అనేవాళ్ళు, పేరంటాలకి ఇద్దర్నీ కలిపే పిలిచేవాళ్ళు. అడక్కపోవడం కూడా మా వైపు ఒక మర్యాదే. మా వాళ్ళకైనా చెప్పేద్దామని నేను ఒకటి రెండుసార్లు అన్నాను. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దే. ఊరుకో," అంది తను. ఊరుకున్నాను. అలా ఊరుకోవడం మా ఇద్దరికీ ఇన్నేళ్ళూ సుఖంగానే ఉంది. తను పోయిన రోజున ఆ మౌనమంతా వచ్చి నా ఒక్కదాని మీద పడింది. తను నాకు ఏమవుతుందో తెలిసిన మనిషి లోకంలో తను ఒక్కతే. ఆ మనిషే లేదు.

నా వైపు ఉన్నది అన్నయ్య ఒక్కడే. ద్రాక్షారామం దగ్గర వ్యవసాయం. నాన్న పోయాక నా పెళ్ళి బాధ్యత తనదేననుకుని చాలా ఏళ్ళు సంబంధాలు తెచ్చాడు. నేను వద్దన్న ప్రతిసారీ "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని విసుక్కుంటూ వెళ్ళి, మళ్ళీ ఇంకో సంబంధంతో వచ్చేవాడు. వదినకి పసుపు చీరలంటే ఇష్టం. నా పెళ్ళికి ఆ రంగే కొందామని ఆవిడ ముందే అనుకునేదట.

ధవళేశ్వరంలో మా ఇంటికి అన్నయ్య ఒక్కసారే భోజనానికి వచ్చాడు. తను పనసపొట్టు కూర చేసి కొసరి కొసరి వడ్డించింది. చేతులు కడుక్కోవడానికి వెళ్తూ అన్నయ్య పడగ్గదిలోకి చూశాడు. అక్కడ ఉన్నది ఒకటే మంచం. తాంబూలం వేసుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఆటో ట్రాలీలో ఇంకో మంచం దిగింది, మంచి టేకు మంచం. "ఎవరైనా చుట్టాలొస్తే పనికొస్తుంది" అని ఫోన్లో చెప్పాడు. తను పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ మంచం మీద మేము ఏటా వడియాలు ఆరబెట్టుకున్నాం. అన్నయ్య మళ్ళీ మా ఇంటికి రాలేదు. పండక్కీ పబ్బానికీ నేనే వెళ్ళేదాన్ని, ఒక్కదాన్నే. "మీ ఫ్రెండ్ గారు బాగున్నారా?" అని గుమ్మంలోనే అడిగేసేవాడు, ఇక లోపల ఆ మాట రాకుండా.

హాస్పిటల్ నుంచే అన్నయ్యకి ఫోన్ చేశాను. "అయ్యో," అన్నాడు. "జాగ్రత్తమ్మా," అని పెట్టేశాడు. దహనానికి రాలేదు. ఎవరి చావుకని వస్తాడు? చెల్లెలి స్నేహితురాలు పోతే అన్నగారు రావాలని ఎక్కడా లేదు. అది తెలిసినా నాకు కోపం ఆగలేదు.

మర్నాడు ఆ ఇంట్లో అసలు సంగతి మొదలైంది. మా వైపు ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటి పేరింటివాళ్ళందరికీ పెద్దకర్మ దాకా మైల. దేవుడి గదిలోకి వెళ్ళకూడదు, గుడికి పోకూడదు, ఊరగాయ జాడీ ముట్టుకోకూడదు. ముడితే ఊరగాయ బూజు పడుతుందంటారు. తను పెళ్ళి చేసుకోలేదు కనక పుట్టింటి గోత్రంలోనే ఉంది. తమ్ముడికి, అతని భార్యకి, పిల్లలకి, అటూ ఇటూ వాటాల్లో ఉన్న పెదనాన్న, బాబాయి పిల్లలకి, అందరికీ పూర్తి మైల. అంతమంది ఉన్న ఇంట్లో మైల లేనిదాన్ని నేను ఒక్కదాన్నే.

భోజనాల వేళ మరదలు నా గదికి వచ్చింది.

"ఏమీ అనుకోకండీ టీచర్ గారూ, మాకందరికీ మైల కదా. మీకైతే ఆ బాధ లేదు. జాడీలోంచి కాస్త ఆవకాయ తీసి పెడతారాండీ? పిల్లలు చప్పిడి తినలేకపోతున్నారు."

ఆ మనిషికి నా మీద ప్రేమే తప్ప ఇంకోటి లేదు. కష్టకాలంలో ఇంటికొచ్చిన పరాయి మనిషి ఉపయోగపడుతుందని సంబరపడింది కూడా. లేచి వెళ్ళాను. మూతకు కట్టిన గుడ్డ విప్పి గరిటెతో తీశాను. ఆ జాడీలో ఆవకాయ కలిపింది తనే. ఏటా వేసవిలో సెలవు పెట్టి వచ్చి, ఆ పెద్ద బేసిన్లో మోచేతుల దాకా పెట్టి కలిపి, మా వంతు సీసాల్లో పట్టుకొచ్చేది. మొన్న మేలో కూడా వచ్చింది. తన చెయ్యి ఇంకా ఆ జాడీలో ఉంది. దాన్ని తీసి పిల్లలకి వడ్డించే అర్హత నాకు వచ్చింది, ఎందుకంటే తను నాకు ఏమీ కాదు కనక. వడ్డించాను. నా చేతులు బాగానే పనిచేశాయి. అదే నాకు ఆశ్చర్యం.

తెల్లారి మరదలు మళ్ళీ వచ్చింది. ఈసారి దేవుడి గదిలో దీపం. వాళ్ళ అత్తగారి కాలం నుంచి ఒక్కపూట తప్పకుండా వెలిగిస్తున్న దీపమట. "మీరు స్నానం చేసి ఒక్క ఒత్తి వేసి వెలిగించెయ్యండి, చాలు," అంది.

"నేను వెలిగించకూడదండీ," అన్నాను. "నాకూ మైలే."

ఆవిడకి అర్థం కాలేదు. "మీ పుట్టింట్లో కూడా ఎవరైనా..." అంది కంగారుగా.

"లేదండీ. మీ వదినగారే."

"అదేంటండీ! ఆవిడ పోతే మీకెందుకొస్తుందండీ మైల? మీ ఇంటిపేరు వేరు, మా ఇంటిపేరు వేరు. మీకు ఆ పట్టింపేం అక్కర్లేదండీ."

"ఇంటిపేరు వేరేనండీ. ఉన్నది ఒక ఇంట్లోనే కదా, ఇన్నేళ్ళు."

ఇంకా ఏదో అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూశాక ఆగిపోయాను. ఆ మొహంలో కోపం లేదు, అసహ్యం లేదు. వచ్చిన చుట్టానికి ఏం తక్కువ చేశామా అన్న బెంగ మాత్రం కనిపించింది. గోడతో పోట్లాడొచ్చు గానీ పరుపుతో ఎలా పోట్లాడతాం?

వరండాలో తమ్ముడు వింటూనే ఉన్నాడు. లోపలికి వచ్చాడు గానీ నా వైపు చూడలేదు, భార్యతోనే మాట్లాడాడు. "మేడంగారు బాగా అలిసిపోయారు. డ్రైవర్ని పిలుస్తాను, ధవళేశ్వరంలో దింపేసొస్తాడు." అప్పుడు నా వైపు తిరిగి, "పదో రోజు కార్యక్రమం కొవ్వూరు రేవులో పెట్టుకున్నామండీ. మీకు దగ్గరే. తప్పకుండా రావాలి," అన్నాడు. అతనికి తెలుసని నాకు అనిపించింది. చిన్నప్పటి నుంచీ అక్కని ఎరిగినవాడు. తెలిసే పిలిచాడు, తెలిసే పంపించేశాడు. కారు దగ్గరికి మరదలు సాగనంపడానికి వచ్చింది. అలవాటు చొప్పున "వెళ్ళి రండి" అని, చావింట్లో ఆ మాట అనకూడదని గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. వాళ్ళ బంధువుల్లో ఎవరితోనూ ఆవిడ ఆ పొరపాటు చేసి ఉండదు.

ఇంటికొచ్చి తాళం తీశాను. గుమ్మం దగ్గర తన చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు పడున్నాయి. వాటిని అలాగే ఉంచి లోపలికి వెళ్ళాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు మైల మీద నమ్మకం లేదు. సున్నతో ఏ అంకెని గుణించినా సున్నే అని పిల్లలకు ముప్ఫయ్యేళ్ళుగా చెబుతున్నదాన్ని, మనిషి పోతే ఊరగాయ బూజు పడుతుందంటే ఎలా నమ్ముతాను? తన తల్లి బతికున్న రోజుల్లో ఈ అంటూ సొంటూ మీద ఆవిడతో వాదన వేసుకుని తన చేత తిట్లు తిన్నాను కూడా. అలాంటిదాన్ని, ఎవరూ చూడని ఇంట్లో కూర్చుని మైల పాటించాను. దేవుడి గూటి తలుపు వేసేశాను. తలకి నూనె రాయలేదు. బొట్టు తీసేశాను. వంటింట్లో తను తెచ్చిన ఆవకాయ సీసాలు ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. పెరుగన్నం తిన్నాను. నేలమీద చాప వేసుకున్నాను. స్కూలుకి ఫోన్ చేసి సెలవు పెట్టాను. నమ్మకం ఉండి చేసేవాళ్ళకి అది ఆచారం. నాకు మాత్రం పంతం. నన్ను ఎవరూ అంటరానిదానివి అనకపోతే, ఆ మాట నన్ను నేనే అనుకుంటాననే పంతం.

కింద వాటాలో ఇంటావిడ ద్రాక్షారామం వెళ్ళొచ్చి ప్రసాదం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"మైలండీ, తీసుకోకూడదు," అన్నాను.

"అయ్యో! మీ వాళ్ళు ఎవరండీ?"

పై వాటాలో మనిషి పోయి వారమైనా కాలేదు. స్ట్రెచరు దిగుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది కూడా ఈవిడే. "మేడంగారేనండీ," అన్నాను. ఆవిడ నన్నూ నా ఖాళీ నుదురునూ చూసింది. "ఆవిడ మీకు..." అని ఆగింది. ఆగి, ప్రసాదం కొంగు కింద పెట్టుకుని నెమ్మదిగా దిగి వెళ్ళిపోయింది. ఆ వాక్యం ఆవిడ పూర్తి చేస్తుందేమోనని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఎంత ఆశపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాకు కావలసింది ఓదార్పు కాదు. నేను ఎవర్ని పోగొట్టుకున్నానో ఒక్క మనిషికి తెలిస్తే చాలు. ఆ ఒక్కటీ దొరక్కపోతే, ఇరవయ్యేళ్ళకు పైగా నేను బతికిన బతుకు నాకు నేను చెప్పుకున్న కథ అయిపోతుంది. అదీ నా భయం.

పదో రోజుకి ఇంకా రెండు రోజులుందనగా వదిన ఫోన్ చేసింది.

"ఏమ్మా, తింటున్నావా? మీ అన్నయ్య రేపు రాజమండ్రి వస్తున్నారు. కొత్త మాగాయ పంపనా?"

"వద్దు వదినా. నేను ఊరగాయలు ముట్టుకోవట్లేదు."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. మైల పట్టాను."

అవతల ఎక్కడో గిన్నె కింద పెట్టిన శబ్దం మాత్రం వచ్చింది. వదిన పెద్దగా చదువుకోలేదు గానీ, ఏ ఇంట్లో ఏ చావుకి ఎవరికి ఎన్ని రోజులు మైలో ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి అడిగేది ఆవిడనే. లేదు, నీకు రాదు అంటుందని ఎదురుచూశాను. పోట్లాటకి సిద్ధంగా ఉన్నాను.

"పదో రోజు ఎక్కడ చేస్తున్నారు?" అంది వదిన.

"కొవ్వూరు."

"సరేనమ్మా," అని పెట్టేసింది. మా అన్నయ్యకి తగిన భార్యే అనుకున్నాను. ఇద్దరికీ ఫోను పెట్టెయ్యడం వచ్చు.

పదో రోజు పొద్దున్నే వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను. ఎగువన వానలు పడి గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. రేవులో కింది మెట్లు మునిగిపోయాయి. ఒడ్డునే ఉన్న సత్రం హాలు తీసుకున్నారు వాళ్ళు. ఇంటివాళ్ళంతా తల మీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో ఒక వైపు చాపల మీద కూర్చున్నారు. నన్ను చూడగానే తమ్ముడు, "టీచర్ గారికి కుర్చీ వెయ్యండ్రా," అని కేకేశాడు. ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఒకరు కాఫీ తెచ్చారు. పిండాలు పెట్టడం అయ్యాక మగవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి ధర్మోదకాలు వదిలారు. తనకి ముక్కూ మొహం తెలియని వేలువిడిచిన వరసలవాళ్ళు కూడా దోసిలి పట్టి తన పేరు చెప్పి నీళ్ళు వదిలారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తున్నాను. ఇంక ఇంతే అనుకున్నాను. భోజనం పెడతారు, తిని వంతెన దాటి వెళ్ళిపోవడమే.

అప్పుడు అన్నయ్యా వదినా హాల్లోకి వచ్చారు.

అన్నయ్య తెల్లపంచె కట్టుకున్నాడు. చంకలో బట్టలకొట్టు సంచి. నా వైపు రాలేదు. తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు.

"నేను టీచర్ గారి అన్నయ్యనండీ. ద్రాక్షారామం దగ్గర."

"అయ్యో, ఇంతదూరం శ్రమపడి వచ్చారా అండీ! కూర్చోండి, కూర్చోండి. ఒరేయ్, కుర్చీలు..."

"కుర్చీలకేం లెండి." అన్నయ్య సంచిలోంచి పంచెల చాపు తీసి, వియ్యాలవారికి ఇచ్చినట్టు రెండు చేతులతో తమ్ముడికి ఇచ్చాడు. "మీ అక్కగారు మా చెల్లెల్ని బాగా చూసుకున్నారండీ. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మాకు ఈ పిల్ల గురించి బెంగ లేదు."

తమ్ముడు పంచెల చాపు చేతుల్లో అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

వదిన నా కుర్చీ దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టి లేపి, నాలుగడుగులు నడిపించి, తడిబట్టలతో ఉన్న ఆడవాళ్ళ పక్కన చాప మీద కూర్చోబెట్టింది. సంచిలోంచి చీర తీసింది. లేత గంధం రంగు నేతచీర, సన్నంచు. మడత విప్పి నా భుజాల చుట్టూ కప్పింది.

మా వైపు ఆడవాళ్ళకి ఆ చీర ఏమిటో చెప్పక్కర్లేదు. మొగుడు పోయిన మనిషికి పదో రోజున పుట్టింటివాళ్ళు వచ్చి చీర పెడతారు. ఏ ఆడదీ కోరుకోని చీర అది. నాన్న పోయినప్పుడు మా మేనమామ తెస్తే మా అమ్మ దాన్ని రెండు చేతులతో తోసేసింది. అదేమైనా మామూలు చీరేమో, ఒంటరిదాన్నని జాలిపడి తెచ్చారేమో అని ఆ హాల్లో ఎవరైనా అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే వదిన బొట్టు పెట్టలేదు. పక్కింటి పిల్లకి జామకాయ ఇచ్చినా ముందు బొట్టు పెట్టే మనిషి ఆవిడ. కుంకుమ భరిణె లేకుండా గడప దాటదు. చీర పెట్టి బొట్టు పెట్టకపోవడం ఇంకో రోజైతే చెంపదెబ్బతో సమానం. వదిన నా ఉత్త నుదుటి వైపు చూసింది. చూసి, దాని మీద ఏమీ పెట్టకుండా, నా తల తన భుజానికి ఆనించుకుంది.

మరదలు మోకాళ్ళ మీద ముందుకు జరిగి వచ్చింది. ఆవిడ కళ్ళు నా నుదుటి మీద ఉన్నాయి.

"పుట్టింటి చీరాండీ?" అని వదినని మెల్లగా అడిగింది.

"అవునండీ. మేమే కదా పెట్టాలి," అంది వదిన.

మరదలు తన పక్కనున్న పెద్దావిడని కాస్త జరగమని, నాకు ఇంకొంచెం చోటు చేసింది. తమ్ముడు మా వైపు తిరగలేదు. కిటికీలోంచి గోదారి వైపు చూస్తూ, భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

నా పెళ్ళికి చీర కొనాలని ఈ ఇద్దరూ ఎన్నేళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు. చివరికి కొన్నది ఇది. నాకు పెళ్ళయిందని మా ఇంట్లో ఒప్పుకున్న రోజూ, అది అయిపోయిందని ఒప్పుకున్న రోజూ ఒకటే అయ్యాయి.

అన్నయ్య వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమ్మా, ఏడవ్వేం?" అన్నాడు. "నీ మనిషే కదా పోయింది. ఏడు."

అప్పుడు ఏడ్చాను. చావింట్లో ఆ ఇంటి ఆడవాళ్ళు ఏడ్చినట్టు, గొంతెత్తి, తన పేరు పెట్టి పిలిచి, నన్ను ఎవరికి అప్పజెప్పి వెళ్ళావే అని నేల మీద చేతులు కొట్టుకుంటూ ఏడ్చాను. బయట రేవులోకి కూడా వినపడి ఉంటుంది. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.